పిల్లలకు డబ్బు కనపడాలి: ఇంటి లెక్కల్లోకి వాళ్ళను ఎలా దింపాలి

ఆరేడేళ్ళ పిల్లలెవరినైనా డబ్బులు ఎక్కడినుంచి వస్తాయని అడిగి చూడండి, చాలామంది ఫోన్లోంచి అంటారు. వాళ్ళ తప్పేం లేదు. పాలప్యాకెట్‌కి ఫోను, ఆటోకి ఫోను, బజ్జీల బండి దగ్గర ఫోను, స్కూలు ఫీజుకీ అదే ఫోను. అమ్మ స్కాన్ చేస్తుంది, కౌంటర్ మీదున్న చిన్న స్పీకర్ యాభై రూపాయలు వచ్చాయని చెబుతుంది, సరుకు చేతికొస్తుంది. జేబులోంచి నోటు బయటికి రావడం, వంద కాస్తా చిల్లరగా మారడం, నెలాఖరుకి పర్సు పల్చబడడం, ఇవేవీ పిల్లలు చూడటం లేదు. అయిపోతుందని తెలియని దాన్ని ఎవరైనా ఎందుకు దాచుకుంటారు చెప్పండి.

అందుకని పొదుపు మీద ఉపన్యాసం తర్వాత ఇద్దురుగాని. ముందు డబ్బు పిల్లల కళ్ళకి కనపడాలి, వాళ్ళ చేతిలో అయిపోవాలి. దానికి ఇంట్లో ఏమేం చెయ్యొచ్చో ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పెద్ద జీతాలవాళ్ళ కోసం కాదు, నెలకి ముప్పై వేల నుంచి లక్ష లోపు వచ్చే ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని.

ముందు మీ ఇద్దరి లెక్క తేలాలి

భార్యాభర్తల్లో ఒకరికే లెక్కలు తెలిసిన ఇళ్ళు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆయన ఏ బ్యాంకులో ఎంత వేశాడో ఆవిడకి తెలీదు, ఆవిడ ఎన్ని చీటీలు కడుతోందో ఆయనకి తెలీదు. అలాంటి ఇంట్లో పిల్లలకి ఏం నేర్పినా నిలబడదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద అన్నీ రాయండి: ఖాతాలు, అప్పులు, చీటీలు, ఇన్సూరెన్సులు, బంధువులకి ఇచ్చి మర్చిపోయిన చేబదుళ్ళు, ఏ ఖాతాకి నామినీ ఎవరు. నామినీ దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఆశ్చర్యం ఎదురవుతుంది, పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాలో ఇంకా నాన్నగారి పేరే ఉంటుంది.

ఇక ఖర్చులు. అద్దె, సరుకులు, పాలు, పెట్రోలు లాంటి నెలవారీవి అందరికీ నోటికి వచ్చినవే. బడ్జెట్‌ని తలకిందులు చేసేవి ఏడాదికోసారి వచ్చేవి, వాటిని మనం ప్రతి ఏడాదీ అనుకోకుండా వచ్చిన ఖర్చులంటాం. జూన్‌లో స్కూళ్ళు తెరుస్తారని, దసరా వస్తుందని, మాఘమాసంలో పెళ్ళిళ్ళుంటాయని మనకి తెలీదా ఏంటి? ఉదాహరణకి ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు కలిపి 90,000. బండి, ఆరోగ్య ఇన్సూరెన్సులు 24,000. దసరా సంక్రాంతి బట్టలు, ఊరి ప్రయాణాలు 30,000. పెళ్ళిళ్ళలో చదివింపులు 12,000. ఇంటి పన్ను, రిపేర్లు, ఇంకా చిల్లరమల్లర 12,000. మొత్తం 1,68,000, అంటే నెలకి 14,000. జీతం పడిన రోజే ఈ 14,000 వేరే ఖాతాలోకి పంపేసి, ఆ ఖాతాకి యూపీఐ పెట్టకుండా వదిలేయండి. జూన్ టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. మీ ఇంట్లో అంకెలు వేరే ఉంటాయి, కానీ కాగితం మీద పెట్టి పన్నెండుతో భాగించడం మాత్రం ఏ ఇంట్లోనైనా ఒకటే.

ఇది కాక మూడు నెలల ఇంటి ఖర్చు కదలకుండా ఒకచోట ఉండాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్ చాలు, షేర్లు గీర్లు ఇక్కడ వద్దు. ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటుంది, అంతకన్నా ఎక్కువుంటే రెండు బ్యాంకుల్లో పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ వర్తించని ఇంటికి ఆరోగ్య బీమా తప్పనిసరి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు కాబట్టి ఇంకా వాయిదా వేయడానికి సాకు లేదు.

పిల్లల ముందు ఎలా మాట్లాడాలి

"డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా" అనే మాట మనందరం విన్నదే, ఇప్పుడు మనమూ అంటున్నాం. ఆ మాటతో పిల్లలకి తెలిసేది అమ్మకో నాన్నకో కోపం వచ్చిందని మాత్రమే. ఇంకోటి, "డబ్బుల్లేవు" అనడం. షాపులో బొమ్మ అడిగితే లేవంటాం, సాయంత్రానికి ఇంటి గుమ్మంలో ఆన్‌లైన్ పార్సిల్ దిగుతుంది. పిల్లలు పిచ్చివాళ్ళు కాదు. లేనప్పుడు లేవనే చెప్పండి, ఉండీ వద్దనుకున్నప్పుడు "ఈ నెల దీనికి అనుకోలేదు, వచ్చే నెల లిస్టులో రాద్దాం" అనండి. రాశాక వచ్చే నెల నిజంగా ఆ లిస్టు తియ్యాలి, అది మర్చిపోతే మొత్తం వృథా.

జీతం ఎంతో చెప్పాలా వద్దా అని చాలామంది అడుగుతారు. పదేళ్ళలోపు పిల్లలకి చెప్పనక్కర్లేదు, వాళ్ళకి ముప్పై వేలకీ మూడు లక్షలకీ తేడా తెలీదు, పైగా మర్నాడు స్కూలు వ్యాన్లో అందరికీ చెప్పేస్తారు. కానీ అద్దె ఎంత, సరుకులకి ఎంత, తాతయ్య మందులకి ఎంత పంపుతున్నామన్నది చెప్పండి. తొమ్మిదో తరగతికి వచ్చాక మాత్రం జీతం కూడా చెప్పేయడమే మంచిదని నా అభిప్రాయం. ఇంటర్ ఏ కాలేజీలో అన్నది ఇంకో ఏడాదిలో తేల్చాలి, ఇంటి ఆదాయం తెలియని పిల్ల ఆ చర్చలో ఏం మాట్లాడుతుంది?

నాలుగు నుంచి ఏడేళ్ళు: చిల్లర

భోగిపళ్ళు పోసినప్పుడు రేగుపళ్ళతో, చెరకు ముక్కలతో పాటు చిల్లర నాణేలు కలుపుతాం కదా, పిల్లలు ముందు ఏరుకునేది వాటినే. ఆ ఇష్టాన్ని వాడుకోండి. రూపాయి, రెండు, ఐదు, పది, ఇరవై నాణేలు ఒక గిన్నెలో పోసి విడదీయమనండి, పది రూపాయలు ఎన్ని రకాలుగా అవుతుందో పేర్చమనండి. లెక్కల హోంవర్క్ కంటే ఇది బాగా ఎక్కుతుంది.

తర్వాత వీధి చివరి కిరాణా కొట్టుకి పంపండి, మీరు కాస్త దూరంలో నిలబడి చూస్తూ. యాభై నోటిచ్చి పెరుగు ప్యాకెట్ తెమ్మనండి. వెళ్ళేముందు "ఎంత చిల్లర రావాలి" అని అడగండి, కొట్టు దగ్గర లెక్కపెట్టుకున్నాకే కదలాలన్నది నియమం. ఇక్కడో సంగతి. మన దగ్గర చాలా కొట్లలో పది రూపాయల కాయిన్ తీసుకోరు, చెల్లదంటారు. రిజర్వ్ బ్యాంక్ పది రూపాయల నాణేలు ఎన్ని డిజైన్లలో ఉన్నా అన్నీ చెల్లుతాయని ఎప్పుడో స్పష్టంగా చెప్పింది, 2018 నాటికే 14 రకాలు ఉన్నాయి. పిల్లాడు కాయిన్ పట్టుకుని మొహం వేలాడేసుకుని వెనక్కొస్తే వాడితో వెళ్ళి కొట్టతనితో మాట్లాడండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కానీ డబ్బు విలువ ఎవరు నిర్ణయిస్తారనే ప్రశ్న ఆ వయసులోనే వాడి బుర్రలో పడుతుంది.

పాకెట్ మనీ, దాని రూల్సు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలా ఇళ్ళలో చెడిపోయేదీ ఇక్కడే. ఎనిమిదేళ్ళు వచ్చాక వారం వారం ఇవ్వండి, నెలకోసారి వద్దు, ఆ వయసులో నెల అంటే వాళ్ళకి చాలా దూరం. ఎంత ఇవ్వాలో తేల్చడానికి పక్కింటివాళ్ళని అడగకండి. రెండు వారాలపాటు మీరు ఆ పిల్లకి కొనిపెట్టే చిల్లర వస్తువులన్నీ రాయండి: చాక్లెట్లు, చిప్సు, స్టిక్కర్లు, ఫ్యాన్సీ పెన్నులు, పానీపూరీ. వారానికి డెబ్భై అవుతోందనుకోండి, అరవై ఇవ్వండి, ఆ రోజు నుంచి ఆ వస్తువులు మీరు కొనడం ఆపేయండి. అంటే ఇంటి ఖర్చేమీ పెరగలేదు, ఖర్చు చేసే చెయ్యి మారింది, అంతే. స్కూలుకి కావలసిన నోట్‌బుక్కులు, పెన్సిళ్ళు మీ బాధ్యతే, అవి ఇందులో కలపకండి.

నోటుగానే ఇవ్వండి, చిల్లర నోట్లయితే ఇంకా మంచిది. ఒకే రోజు ఇవ్వండి, శనివారం అంటే శనివారమే, పిల్ల గుర్తు చేసి అడుక్కునే పరిస్థితి రానివ్వకండి. జీతం రెండ్రోజులు ఆలస్యమైతే మనకెలా ఉంటుంది?

ఇక అసలు రూలు, అయిపోతే మళ్ళీ ఇవ్వకూడదు. సోమవారానికే అరవై ఊదేసి, బుధవారం ఫ్రెండ్స్ అందరూ ఐస్‌క్రీమ్ తింటుంటే మొహం చిన్నబుచ్చుకుని వస్తుంది. ఆ ఒక్క సాయంత్రం మీరు మెత్తబడకుండా ఉండగలిగితే చాలు, ఇంకెవరూ చెప్పలేని పాఠం వచ్చేస్తుంది. "నేను ముందే చెప్పాను" అని మాత్రం అనకండి, దెప్పిపొడిస్తే కోపం మీ మీదికి మళ్ళుతుంది, డబ్బు సంగతి పక్కకి పోతుంది. ఈ రూలుకి అసలు గండి తాతయ్య జేబు. పెద్దవాళ్ళు మనవరాలి మొహం చూడలేక పక్కకి పిలిచి పది చేతిలో పెడతారు. వాళ్ళని ముందే కూర్చోబెట్టి చెప్పండి, "మామయ్యా, పండక్కి ఎంతైనా ఇవ్వండి, మధ్యలో మాత్రం వద్దు" అని. వింటారా అంటే, సగం వింటారు.

అల్లరి చేసిందని పాకెట్ మనీ కోసేయడం, మార్కులొచ్చాయని పెంచడం రెండూ వద్దు. మార్కుకి ఇంత అని రేటు కడితే రేపు మీ రేటు చాలదంటారు. ఇంటి పనికి డబ్బులివ్వాలా అంటే, తన కంచం తను తీయడానికి, పక్క సర్దుకోవడానికి ఇవ్వకూడదు, అది ఇంట్లో ఉన్నందుకు చేసే పని. బండి కడగడం, పాత పేపర్లు కట్టి తూకానికి వేయడం లాంటి పైపనులకి ఇవ్వొచ్చు. పేపర్ల అబ్బాయి ఇచ్చిన డబ్బు మొత్తం వాళ్ళకే వదిలేయండి, కిలో రేటు బేరమాడటం కూడా వాళ్ళనే చేయనివ్వండి.

దాచుకోవడానికి మట్టి కిడ్డీ బ్యాంకు కంటే పాత హార్లిక్స్ సీసా మేలు, లోపల ఎంతుందో బయటికి కనపడుతుంది. సీసాకి ఒక చీటీ అంటించండి, ఏం కొనాలో, ధర ఎంతో. బ్యాటు 900 అనుకుందాం, వారానికి ముప్పై దాస్తే ముప్పై వారాలు పడుతుంది, పిల్లాడు మధ్యలోనే వదిలేస్తాడు. అందుకని "నువ్వు 450 దాచు, మిగతా 450 నేను వేస్తా" అనండి. పదిహేను వారాలు ఆగగలరు. మధ్యలో బ్యాటు మీద మోజు తీరిపోయి ఇంకేదో కావాలంటే చీటీ మార్చుకోనివ్వండి, పదిహేను వారాలు ఆగడం వల్ల ఒక అనవసరపు బ్యాటు తప్పింది కదా.

పండగలకి చుట్టాలు పెట్టిన ఐదువందల నోట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. "ఇలా ఇవ్వు, నేను దాచిపెడతా" అని తల్లి తీసుకుంటుంది, ఆ తర్వాత ఆ నోటు ఎక్కడికి పోయిందో ఆంధ్రాలో, తెలంగాణలో ఏ పిల్లకీ తెలీదు. దయచేసి అలా చేయకండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఇచ్చినవాళ్ళ పేరు, ఎంత అన్నది పిల్ల చేతే రాయించి, ఆ డబ్బు ఆ పిల్ల ఖాతాలోనే వేయండి. పల్లెటూళ్ళలో పెళ్ళి చదివింపులకి పుస్తకం ఉంటుంది కదా, ఎవరెంత చదివించారో రాసుకుని తిరిగి వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకి తగ్గకుండా పెడతారు. అలాంటి పుస్తకం మీ ఇంట్లో ఉంటే పిల్లలకి తీసి చూపించండి, వచ్చిన డబ్బంతా మనది కాదని, కొంత తిరిగి ఇవ్వాల్సింది కూడా ఉంటుందని దాన్ని చూస్తే అర్థమవుతుంది.

పదేళ్ళు నిండాక బ్యాంకు

పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులన్నిటికీ ఒకేలా మార్గదర్శకాలు ఇచ్చింది, ఎంతవరకు తీయొచ్చు, ఏటీఎం కార్డు ఇవ్వాలా అన్నవి ఆయా బ్యాంకులు తేల్చుకుంటాయి. పోస్టాఫీసులో కూడా పదేళ్ళు దాటితే సొంత పేరుతో ఖాతా ఉంటుంది, 500తో తెరవొచ్చు. నా ఓటు పోస్టాఫీసుకో, పాస్‌బుక్ ప్రింట్ చేసిచ్చే మామూలు బ్యాంకు బ్రాంచికో. యాప్‌లో ఉండే ఖాతా అయితే మళ్ళీ ఫోన్లోంచి డబ్బులు వస్తాయన్న కథే. పిల్లల్ని తీసుకెళ్ళి డిపాజిట్ ఫారం వాళ్ళచేతే నింపించండి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయడం, సంతకం ప్రతిసారీ ఒకేలా పెట్టడం, లైన్లో నిలబడటం, ఇవన్నీ నేర్చుకోవాల్సినవే. వడ్డీ పడినప్పుడు ఆ లైను చూపించండి. బ్యాంకులో అయితే నాలుగు వేలకి మూడు నెలలకి పాతికో ముప్పయ్యో పడుతుంది, "ఇంతేనా" అంటారు. మంచిదే, సేవింగ్స్ ఖాతా డబ్బు పెరిగే చోటు కాదని అప్పుడే తెలుస్తుంది.

ఆడపిల్ల ఉంటే పదేళ్ళలోపే సుకన్య సమృద్ధి తెరవడం మర్చిపోకండి, పది దాటితే అవకాశం లేదు. ఏడాదికి కనీసం 250, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర. పదిహేనేళ్ళు కట్టాలి, తెరిచిన రోజు నుంచి ఇరవై ఒక్క ఏళ్ళకి చేతికొస్తుంది, పద్దెనిమిదేళ్ళు నిండినా పదో తరగతి పాసైనా చదువు కోసం సగం వరకు తీయొచ్చు. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు కాబట్టి వెళ్ళిన రోజు రేటు అడిగి తెలుసుకోండి. పాస్‌బుక్ బీరువాలో దాచేయకుండా అప్పుడప్పుడు ఆ పిల్లకి చూపించండి, అది తన చదువు డబ్బని తనకి తెలియాలి.

ఒక బిల్లు వాళ్ళ చేతికి

పన్నెండు పదమూడేళ్ళకి పాకెట్ మనీ ఒక్కటే సరిపోదు, ఇంటి ఖర్చులో ఒక ముక్క వాళ్ళకి అప్పగించాలి. నన్నడిగితే కరెంటు బిల్లు. ఎందుకంటే దాన్ని రోజూ కొలవొచ్చు, ఏం చేస్తే తగ్గుతుందో వెంటనే తెలుస్తుంది. తెలంగాణలో అయితే ఈ ఆట ఇంకా బాగుంటుంది: గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్ళకి 2024 మార్చి నుంచి నెలకి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా, 201 అయితే మొత్తం కట్టాలి. అంటే రోజుకి ఆరున్నర యూనిట్లు. మీటర్ దగ్గరికి తీసుకెళ్ళి రీడింగ్ ఎక్కడ చూడాలో చూపించి, రోజూ రాత్రి ఎనిమిదింటికి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయమనండి. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు. రెండు వేల వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్, 75 వాట్ల పాత ఫ్యాన్ పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్. నాలుగు రోజుల్లో మీ పిల్లాడు గీజర్ స్విచ్ దగ్గర కాపలా కాస్తాడు, మీ స్నానానికి టైమ్ పెడతాడు. భరించండి. ఆంధ్రాలోనైనా, అర్హత లేని ఇళ్ళలోనైనా పోయిన ఏడాది అదే నెల బిల్లుతో పోల్చి, తగ్గిన దాంట్లో సగం వాళ్ళకివ్వండి.

కూరగాయలు కూడా అప్పగించొచ్చు. రైతు బజార్‌లో గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. మూడొందలిచ్చి వారానికి సరిపడా కూరలు తెమ్మంటే, టమాటా కిలో అరవై ఉన్న వారం సొరకాయ ఎక్కువ ఎందుకు కొనాలో మీరు చెప్పాల్సిన పనిలేదు. సూపర్‌మార్కెట్‌లో అయితే పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకనే అపోహ పోగొట్టండి. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ దగ్గర్లోనే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. రెండు సైజులు చేతికిచ్చి ఏది చవకో చెప్పమనండి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర ఏళ్ళ తరబడి పదే ఉంటుంది, లోపల బరువు తగ్గుతూ పోతుంది. ఇది కనిపెట్టిన పిల్లల ఆనందం చూడాలి.

ఏడాదికోసారి ఒక ప్రయాణం లెక్క కూడా వాళ్ళకి వదలండి. తిరుమల అనుకోండి. మూడొందల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, పన్నెండేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. బస్సా రైలా, గది ఎక్కడ, పైన కొండమీద అన్నప్రసాదం ఉచితం కాబట్టి భోజనానికి ఎన్ని పూటలు పెట్టాలి, చుట్టుపక్కలవాళ్ళకి పంచడానికి యాభై రూపాయల లడ్డూలు ఎన్ని కొనాలి. డబ్బు కవర్లో పెట్టి పిల్ల చేతికే ఇచ్చి, ప్రతి ఖర్చూ ఆ కవర్లోంచే తీయించండి. తిరుగు ప్రయాణంలో ఎంత మిగిలిందో కవరే చెబుతుంది.

వడ్డీ, చీటీ, బంగారం

హైస్కూలు పిల్లలకి సాధారణ వడ్డీ, చక్రవడ్డీ లెక్కలు వచ్చు, బతుకులో వడ్డీ మాత్రం తెలీదు. వాళ్ళకి మన పాత పద్ధతిలో చెప్పండి, నూటికి నెలకి ఎన్ని రూపాయలని. డ్వాక్రా సంఘాలకి ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఆరు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే మనకి అర్ధరూపాయి వడ్డీ వస్తోంది. తొమ్మిది శాతం గోల్డ్ లోన్ ముప్పావలా వడ్డీ. ఊళ్ళో ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెస్తే 24 శాతం, లక్షకి నెలకి రెండు వేలు. నాలుగేళ్ళు కడితే దగ్గర దగ్గర అసలంత కట్టేసినట్టు, అసలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇప్పుడు క్రెడిట్ కార్డు తీయండి. నెలకి మూడున్నర శాతం అని చిన్న అక్షరాల్లో రాస్తే ఏమీ అనిపించదు, మూడున్నర రూపాయల వడ్డీ అని అమ్మమ్మతో చెప్పి చూడండి, గుండెలు బాదుకుంటుంది.

ఇది ఒక్కసారి పూర్తిగా లెక్క కట్టించండి. కార్డు మీద 40,000 బాకీ, కనీస చెల్లింపు 5 శాతం అంటే 2,000. నెల వడ్డీ 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. కట్టిన రెండు వేలల్లో 1,652 దానికే పోయింది, బాకీలో తగ్గింది 348. ఈ నాలుగు లైన్లు నోట్‌బుక్‌లో రాసుకున్న పిల్ల పెద్దయ్యాక మినిమమ్ డ్యూ కట్టి ఊరుకోదు.

చీటీ కూడా అర్థం కావాలి, మన ఇళ్ళలో చీటీ లేని ఇల్లు తక్కువ. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకి 5,000 చొప్పున ఇరవై నెలలు. మొదటి నెల పాటలో ఒకాయన 25,000 తగ్గించుకుని 75,000కి పాడుకున్నాడు. ఆ పాతిక వేలల్లోంచి, లక్ష మీద 5 శాతం లెక్కన చీటీ నడిపేవాళ్ళ కమిషన్ 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికి పంచితే తలా వెయ్యి, అంటే ఆ వాయిదా మనం కట్టేది నికరంగా 4,000. ఇప్పుడు పిల్లల్ని అడగండి, ఆయనకి అప్పు ఎంత వడ్డీకి పడినట్టు? మొదట్లో పాడినవాడు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాడు పొదుపు చేసినట్టు అని వాళ్ళే తేలుస్తారు. చిట్ ఫండ్ చట్టం 1982లో వచ్చింది, రిజిస్టరైన చీటీకి రిజిస్ట్రార్ దగ్గర నంబర్ ఉంటుంది, కమిషన్‌కి పరిమితి ఉంటుంది (2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెంచారు). అపార్ట్‌మెంట్లో తెలిసినావిడ నమ్మకం మీద నడిపే చీటీకి ఇవేమీ ఉండవు, ఆవిడ ఎంత మంచిదైనా పాడుకున్నవాళ్ళు ఎగ్గొడితే ఆవిడా ఏమీ చేయలేదు. ఆ తేడా పిల్లలకి చెప్పండి, మీరూ ఓసారి ఆలోచించుకోండి.

బంగారం షాపుకి వెళ్ళినప్పుడు పెద్దపిల్లని పక్కన కూర్చోబెట్టుకుని బిల్లు చదివించండి. బంగారం ధర, తరుగు, మజూరి, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. పది గ్రాముల గొలుసుకి పదిహేను శాతం తరుగంటే గ్రామున్నర బంగారం డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. కొనొద్దని కాదు, పెట్టుకోవడానికి కొన్నదాన్ని పొదుపు లెక్కలో వేసుకోవద్దని. హాల్‌మార్క్ పక్కనుండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని (ఆ నగ గుర్తింపు కోడ్) ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడటం వాళ్ళకే అప్పగించండి, మనకంటే త్వరగా చేస్తారు.

ఫోన్ వాళ్ళ చేతికొచ్చే వయసు

ఏదో ఒక రోజు యూపీఐ ఇవ్వక తప్పదు. ఇవ్వాల్సినప్పుడు మీ పిన్ చెప్పేయకండి, ఇంట్లో అందరికీ తెలిసిన పిన్ పిన్ కాదు. 2024లో యూపీఐ సర్కిల్ వచ్చింది, మీ ఖాతాలోంచే ఇంకొకరు ఖర్చు చేసేలా పరిమితి పెట్టొచ్చు. పూర్తి అనుమతి ఇస్తే ఒక్కో చెల్లింపు 5,000, నెలకి 15,000 దాటదు, మీరు ఇంకా తగ్గించుకోవచ్చు. రెండో పద్ధతిలో వాళ్ళు స్కాన్ చేస్తే మీ ఫోన్లో మీరు పిన్ కొట్టాలి, మొదట్లో అదే మేలు. పాకెట్ మనీలో సగం మాత్రం నోట్లుగానే కొనసాగించండి.

మోసాల గురించి భయపెట్టడం కన్నా రెండు విషయాలు గట్టిగా చెప్పండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ అడిగిందంటే డబ్బు పోతోందని. పొరపాటున పోతే తిడతామేమోనని దాచకుండా వెంటనే చెప్పాలని, ఎందుకంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. రెండోది మీ ప్రవర్తన మీద ఆధారపడి ఉంది, చిన్న చిన్న నష్టాలకి ఇల్లు ఎగిరిపోయేలా అరిచే ఇంట్లో పిల్లలు పెద్ద నష్టం దాస్తారు.

ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలు వేరే సంగతి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది, అయినా టెలిగ్రామ్ గ్రూపుల్లో క్రికెట్ బెట్టింగ్ లింకులు తిరుగుతూనే ఉన్నాయి. పెట్టేది వందే కదా అని మొదలవుతుంది. ఆ వంద పోయాక దాన్ని రాబట్టడానికి లోన్ యాప్ వస్తుంది: ఐదు వేలు లోనని చెప్పి ప్రాసెసింగ్ పేరుతో పదిహేను వందలు ముందే కోసి, 3,500 చేతికిచ్చి, వారంలో ఐదు వేలు కట్టమంటారు. వారానికి నూటికి ఎన్ని రూపాయల వడ్డీ పడిందో లెక్క కట్టమనండి, 43 దగ్గర తేలుతుంది. కట్టకపోతే కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు వెళ్తాయని కూడా చెప్పండి.

ఇంజినీరింగో డిగ్రీనో అని హాస్టల్‌కి పంపేటప్పుడు అడిగినప్పుడల్లా ఐదొందలు పంపే అలవాటు చేసుకోకండి. మెస్ బిల్లు, ఛార్జీలు, ఫోన్ రీఛార్జ్, బట్టలు, పై ఖర్చులు కలిపి ఒక మొత్తం అనుకుని ఒకటో తారీకున ఒకేసారి వేయండి, చదువు కోసం లోన్ తీసుకుని ఉంటే దాని స్టేట్‌మెంట్ కూడా ఏడాదికోసారి పంపండి, చదువుతున్నన్నాళ్ళూ వడ్డీ పెరుగుతూనే ఉంటుందని చూసుకుంటారు. మొదటి నెల ఇరవయ్యో తారీకుకి ఫోన్ వస్తుంది, అయిపోయాయని. తిండికి ఇబ్బంది లేకుండా మెస్ మాత్రం మీరు నేరుగా కట్టేసి, మిగతా పది రోజులు గడుపుకోమనండి. రెండో నెల ఫోన్ ఇరవై ఆరుకి వస్తుంది.